లేత్‌కు క్యారేజ్ స్టాప్: దిమ్మ నుంచి డయల్ దాకా

షోల్డర్ (వ్యాసం మారే మెట్టు) పొడవు 25 మి.మీ. ఉండే పిన్నులు పన్నెండు తిప్పాలి. ప్రతిదానికీ స్కేలు పెట్టి, హ్యాండ్‌వీల్ గీతలు లెక్కపెట్టుకుంటూ తిప్పితే పన్నెండూ పన్నెండు రకాలుగా వస్తాయి. టూల్‌ను మోస్తూ బెడ్ (లేత్ అడుగు పట్టాలు) మీద జరిగే భాగం క్యారేజ్. అది ప్రతిసారీ ఒకే చోట ఆగేలా బెడ్ మీద బిగించుకునే దిమ్మే క్యారేజ్ స్టాప్. దిమ్మలోంచి పోయే మర రాడ్డు స్పిండిల్; దాని మొన క్యారేజ్‌ను ఆపుతుంది, రెండో చివర ఉన్న డయల్ తిప్పి మొనను సర్దుకోవాలి. అడుగు మూసిన రంధ్రాన్ని ఒకే లోతుకు బోరింగ్ చేయడానికీ, టూల్ వెళ్లి చక్ (తిప్పే ముక్కను, అంటే జాబ్‌ను, పట్టుకునే భాగం) దవడలకు తగలకుండా కాపాడడానికీ కూడా ఇదే పనికొస్తుంది.

చాలామంది దీని డయల్ మీద పెట్టే శ్రద్ధ దిమ్మ కూర్చునే చోట పెట్టరు. గీతలు ఎంత సన్నగా గీసినా, బెడ్ మీద దిమ్మ పదో వంతు మిల్లీమీటరు జరిగితే ఆ గీతలకు అర్థం లేదు. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు వి-గాడి గురించీ, కింది క్లాంప్ గురించీ ఉంటాయి.

ముందు మీ లేత్‌ను కొలవండి

కింద ఇచ్చిన కొలతలు 180 నుంచి 250 మి.మీ. స్వింగ్ (తిప్పగలిగే గరిష్ఠ వ్యాసం) ఉన్న చిన్న లేత్‌లకు సరిపోతాయి. అయినా లోహం కోసే ముందు మీ బెడ్ దగ్గర ఐదు సంగతులు చూసుకోవాలి.

మొదటిది ముందువైపు వి-గట్టు (బెడ్ మీద క్యారేజ్ నడిచే, తలకిందుల వి ఆకారపు పట్టా) కోణం. చాలా లేత్‌లలో ఇది 90 డిగ్రీలు, కానీ అన్నిటిలో కాదు. పలుచటి రేకును 90 డిగ్రీల గాడిగా కత్తిరించి గట్టు మీద పెట్టి, వెనక టార్చి వేసి చూడండి. రెండు వైపులా వెలుతురు రాకపోతే కోణం సరే. 90 డిగ్రీల గట్టుకు అడుగు వెడల్పులో సగమే ఎత్తు. శిఖరం ఎప్పుడూ కొంచెం చదునుగా ఉంటుంది కాబట్టి ఎత్తును నేరుగా కొలిస్తే తప్పు వస్తుంది. అడుగు వెడల్పు 12 మి.మీ. ఉంటే ఎత్తు 6 అని లెక్క కట్టుకోండి.

రెండోది గట్టు మధ్యగీత నుంచి బెడ్ లోపలి అంచు దాకా దూరం. మూడోది ఆ అంచు మందం, అంటే గట్టు పక్కన ఉన్న చదును నుంచి కింది ముఖం దాకా. నాలుగోది, సాడిల్ (క్యారేజ్‌లో బెడ్ మీద కూర్చునే భాగం) ఎడమ ముఖం మీద గట్టి పోత ఇనుము ఏ ఎత్తులో దొరుకుతుందో. సరిగ్గా గట్టు ఎదురుగానే ఫెల్ట్ వైపర్ (బెడ్‌ను తుడిచే మెత్త), దాని రేకు ఉంటాయి. స్టాప్ మొన ఆ రేకుకు తగిలితే అది స్ప్రింగులా వంగి ప్రతిసారీ వేరే కొలత చూపిస్తుంది. మొన వైపర్‌కు పైన, యంత్రం మీద నున్నగా కోసిన ముఖానికే తగలాలి. ఆ ముఖం 20 మి.మీ. (ఈ డిజైన్‌లో స్పిండిల్ రంధ్రం ఎత్తు) కంటే ఎత్తులో ఉంటే దిమ్మ ఎత్తునూ ఆ రంధ్రం ఎత్తునూ అంతే పెంచుకోండి.

ఐదోది తరచూ మరిచిపోయేది. చక్ దవడలను వీలైనంత బయటికి తెరిచి, చేత్తో ఒక చుట్టు తిప్పి, దవడ చివరకూ బెడ్‌కూ మధ్య ఖాళీ చూడండి. స్టాప్ పైభాగం అంతకంటే ఎత్తుగా ఉంటే దాన్ని ఎప్పుడూ దవడల వరస దాటి కుడివైపే ఉంచాలి.

చాలా లేత్‌లలో ముందువైపు అంచు కిందే ర్యాక్ (క్యారేజ్‌ను నడిపే పళ్ల పట్టీ) ఉంటుంది. అందుకే ఈ డిజైన్‌లో క్లాంప్ బోల్ట్ బెడ్ లోపలి వైపు, రెండు గట్ల మధ్య ఖాళీలోకి దిగుతుంది. గ్యాప్ బెడ్ లేత్ (చక్ దగ్గర బెడ్ ముక్కను ఊడదీయగలిగేది) అయితే, ఆ ముక్క అతుకు మీద దిమ్మను బిగించకండి.

కావలసినవి

దిమ్మకు 50×40 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) బార్, 72 మి.మీ. పొడవు. అన్ని వైపులా పైపొర తీసేశాక 70×48×38 మిగలాలి. మెరుస్తూ వచ్చే బ్రైట్ బార్ కంటే నల్లటి బార్ నయం. బ్రైట్ బార్‌ను చల్లగా లాగి తయారుచేస్తారు కాబట్టి లోపల బిగువు దాగి ఉంటుంది. గాడి తీయగానే అది విడిపోయి దిమ్మ వంగుతుంది.

క్లాంప్ పట్టీకి 40×30×12 మి.మీ. ఎం.ఎస్. ముక్క. మడమకు (దిమ్మ వెనక అంచున కిందికి వేలాడేది) 10 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. పొడవు పట్టీ, దాని ఎత్తు మీ బెడ్ అంచు మందాన్ని బట్టి. స్పిండిల్‌కు 10 మి.మీ. సిల్వర్ స్టీల్ (కాల్చి గట్టిపరచగల ఉక్కు) రాడ్ 115 మి.మీ. డయల్‌కు 26 మి.మీ. వ్యాసం తేలేంత అల్యూమినియం లేదా ఎం.ఎస్. ముక్క. ఎం8 అలెన్ బోల్ట్ ఒకటి, దాని పొడవు 38కి అంచు మందం, ఇంకో 10 కలిపినంత. ఎం6 లాక్ స్క్రూ, ఎం4 గ్రబ్ స్క్రూ (తల లేనిది) ఒక్కొక్కటి, ఎం5 కౌంటర్‌సంక్ స్క్రూలు రెండు, చిటికెడు ఇత్తడి, బోల్ట్ చుట్టూ పట్టే మెత్తటి స్ప్రింగు.

వి-గాడి

దిమ్మ 48 మి.మీ. వెడల్పులో ముందు అంచు నుంచి 14 మి.మీ. దగ్గర గాడి మధ్యగీత గీయండి. ముందుగా ఆ గీత మీద 2 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. లోతు సన్న చీలిక కోయండి. స్లిట్టింగ్ సా (పలుచటి గుండ్రటి రంపం) ఉంటే మంచిది, హ్యాక్సాతోనైనా అవుతుంది. గట్టు శిఖరానికి గాడి అడుగు తగలకుండా ఈ చీలికే చూస్తుంది, మూలలో చేరే రజను కూడా ఇందులోకే పోతుంది.

తర్వాత దిమ్మను మిల్లింగ్ వైస్‌లో 45 డిగ్రీలు వంచి పట్టి, ఎండ్‌మిల్ (అడుగునా పక్కనా కోసే కట్టర్) అడుగుతో ఒక ముఖం, పక్కతో రెండో ముఖం ఒకే పట్టులో తీయండి. దిమ్మను విప్పి తిప్పి పట్టకూడదు. కట్టర్ అడుగూ పక్కా ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి రెండు ముఖాల మధ్య 90 డిగ్రీలు దానంతటదే వస్తుంది. వంచిన 45 డిగ్రీలలో కొద్దిగా తేడా ఉన్నా గాడి మొత్తం ఒక పక్కకు ఒరుగుతుందే తప్ప కోణం చెడదు. మీ గట్టు 90 డిగ్రీలు కాకపోతే మాత్రం ఈ సౌకర్యం ఉండదు. రెండు ముఖాలనూ వేర్వేరు పట్టులలో తీయాలి.

గాడి లోతు గట్టు ఎత్తు కంటే తక్కువ ఉండాలి. 6 మి.మీ. గట్టుకు 5.6 మి.మీ. లోతు చాలు. అప్పుడు దిమ్మ అడుగు బెడ్ చదునుకు 0.4 మి.మీ. పైన తేలుతూ, బరువంతా గట్టు రెండు వాలుల మీదే పడుతుంది. లోతు ఎక్కువైతే దిమ్మ చదును మీద కూర్చుంటుంది; గాడి వదులుగా ఊగుతుంది. ఇది సరిదిద్దరాని తప్పేమీ కాదు, అడుగు ముఖాన్ని అర మిల్లీమీటరు తీసేస్తే చాలు.

లోతు కొలవడానికి 10 మి.మీ. పిన్నును గాడిలో పెట్టండి. 90 డిగ్రీల గాడిలో పిన్ను పైభాగం గాడి మొన నుంచి వ్యాసార్ధానికి 2.414 రెట్లు, అంటే 12.07 మి.మీ. ఎత్తులో ఉంటుంది. కాబట్టి 5.6 లోతుకు పిన్ను దిమ్మ ముఖం మీద 6.47 మి.మీ. పైకి కనబడాలి. దీన్ని డెప్త్ వెర్నియర్‌తో రెండు చివర్లా చూడండి. తేడా ఉంటే గాడి వాలుగా పోయిందన్నమాట.

చివరగా గాడి రెండు ముఖాలనూ మధ్యలో 20 మి.మీ. మేర 0.3 మి.మీ. తగ్గించండి. దిమ్మ రెండు చివర్ల మీద మాత్రమే ఆనితే బల్లకు కాళ్లు దూరంగా ఉన్నట్టు నిలుస్తుంది. మధ్యలో ఆనితే ఊగుతుంది.

మిల్లింగ్ మెషీన్ లేకపోతే హ్యాక్సాతో గరుకుగా కోసి, ఆకురాయితో దగ్గరికి తెచ్చి, ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో చూపే నీలి రంగు)తో సరిచూసుకోవచ్చు. నీలాన్ని గట్టు మీద పలుచగా పూసి, దిమ్మను పెట్టి 5 మి.మీ. ముందుకూ వెనక్కూ జరపండి. రంగు అంటిన చోటే అరగదీయాలి, అంటని చోట ముట్టుకోకూడదు. ఓపిక పట్టే పనే కానీ, ఇలా కుదిర్చిన గాడి మిల్లింగ్ చేసినదానికి తీసిపోదు. ప్రతిసారీ బెడ్ మీద రజను మిగలకుండా తుడవడం మరవద్దు.

స్పిండిల్ రంధ్రం

రంధ్రం గాడికి సరిగ్గా పైన, దిమ్మ అడుగు నుంచి 20 మి.మీ. ఎత్తులో రావాలి. పక్కకు జరిగితే క్యారేజ్ తోసిన ప్రతిసారీ దిమ్మను మెలి తిప్పుతుంది. ఈ 20 ఎత్తుకు ఇంకో కారణం ఉంది. గట్టు శిఖరం నుంచి రంధ్రం మధ్యకు 14.4 మి.మీ. మిగులుతాయి, 26 మి.మీ. డయల్ వ్యాసార్ధం 13. అంటే డయల్ బెడ్‌కు తగలకుండా మిల్లీమీటరుకు పైగా ఖాళీ ఉంటుంది. గీతలు దూరంగా కనబడాలని 32 మి.మీ. డయల్ చేస్తే అది గట్టును రాసుకుంటుంది. పెద్ద డయల్ కావాలంటే ముందే రంధ్రాన్ని పైకి జరపాలి.

దిమ్మను నాలుగు దవడల చక్‌లో పట్టండి. గాడిలో 10 మి.మీ. రాడ్‌ను గట్టిగా కట్టి, క్యారేజ్‌కు డయల్ గేజ్ తగిలించి రాడ్ పొడవునా నడపండి. చక్‌ను 90 డిగ్రీలు తిప్పి ఇంకోసారి నడపండి. రెండు దిశల్లోనూ 70 మి.మీ.కు 0.03 లోపు వస్తే రంధ్రం గాడికి సమాంతరంగా వస్తుంది. తర్వాత రాడ్ తీసేయండి. దిమ్మ ఒక పక్కకు బరువుగా ఉంటుంది కాబట్టి 300–400 ఆర్‌పీఎం దాటనివ్వకండి.

సెంటర్ డ్రిల్ పెట్టి, 9 మి.మీ. డ్రిల్‌తో ఇటు నుంచి అటు దాకా వేయండి. సాడిల్ వైపు ముఖం నుంచి 40 మి.మీ. లోతు 9.8 డ్రిల్ వేసి 10 మి.మీ. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నున్నగా చేసేది) నడపండి. హెడ్‌స్టాక్ (చక్ ఉండే చివర) వైపు మిగిలిన 30 మి.మీ.లో ఎం10×1 ట్యాప్ (లోపలి మర కోసే పనిముట్టు) వేయాలి. ఈ ట్యాప్‌ను ఆ వైపు ముఖం నుంచే దింపండి; రీమ్ చేసిన రంధ్రంలోంచి తోస్తే ట్యాప్ పళ్లు దాన్ని గీరేస్తాయి. పిచ్ 1 మి.మీ. కావడం ముఖ్యం. మామూలు ఎం10 పిచ్ 1.5, దానికి యాభై గీతలు పెడితే ఒక్కో గీత 0.03 అవుతుంది, లెక్క కుదరదు.

లాక్ కోసం సాడిల్ వైపు ముఖం నుంచి 12 మి.మీ. దూరంలో పైనుంచి 5 మి.మీ. రంధ్రం వేసి ఎం6 ట్యాప్ వేయండి. రీమర్ నడపడానికి ముందే ఈ రంధ్రంలో 4.8 మి.మీ. ఇత్తడి ముక్క దించి స్క్రూతో బిగిస్తే, డ్రిల్లూ రీమరూ ఇత్తడి చివరను కూడా కోసి రాడ్ వంపుకు సరిపోయేలా చేస్తాయి. ఆ ముక్క పైభాగాన చిన్న గుర్తు పెట్టుకుని ఎప్పుడూ అదే దిశలో వేయండి. ఇత్తడి లేకుండా స్క్రూ మొననే నేరుగా బిగిస్తే స్పిండిల్ మీద గుంట పడుతుంది, తర్వాత ప్రతి బిగింపూ స్పిండిల్‌ను ఆ గుంటలోకే లాగుతుంది.

క్లాంప్

ఇదే స్టాప్ ప్రాణం. క్లాంప్ పట్టీ ఒక చివర బెడ్ అంచు కింద, రెండో చివర దిమ్మకు వేలాడే మడమ కింద ఆనుతుంది. బోల్ట్ ఈ రెంటి మధ్య ఉంటుంది. దిమ్మ వెడల్పులో గాడి మధ్యగీత నుంచి 18 మి.మీ. దగ్గర, పొడవులో సరిగ్గా మధ్యన బోల్ట్‌కు 8.5 మి.మీ. రంధ్రం వేయండి. మడమ వెనక అంచున ఎం5 స్క్రూలతో బిగుస్తుంది. ముందే కొలిచిన బెడ్ లోపలి అంచు ఈ బోల్ట్‌కు తగిలేలా ఉంటే దిమ్మను వెడల్పు చేసి, బోల్ట్‌నూ మడమనూ వెనక్కి జరపాలి.

మడమ ఎంత పొడవు? బిగించే ముందు, దిమ్మ గట్టు మీద కూర్చుని ఉండగా, మడమ కింది ముఖం బెడ్ అంచు కింది ముఖం కంటే 0.2 నుంచి 0.3 మి.మీ. కిందికి దిగాలి. అప్పుడు పట్టీ మడమ నుంచి బెడ్ వైపు కొంచెం పైకి వాలుతుంది, దాని కొన గట్టుకు సరిగ్గా కింద నొక్కుతుంది. పట్టు నిట్టనిలువుగా గట్టు మీదికి పోతుంది. మడమ పొట్టిదైతే వాలు తిరగబడి పట్టీ బెడ్ అంచు మూలను మాత్రమే కొరుకుతుంది; బోల్ట్ ఎంత బిగించినా దిమ్మ పక్కకు ఒరుగుతుందే కానీ నిలవదు. అందుకే మడమను కావలసినదానికంటే 1 మి.మీ. పొడవుగా చేసి, ఆకురాయితో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కుదుర్చుకోవాలి.

పట్టీ కొనలో 8 మి.మీ. మేర వదిలి, అక్కడి నుంచి మడమ ఆనే చోటు దాకా పైముఖాన్ని 0.5 మి.మీ. తగ్గించండి. పట్టీలో ఎం8 ట్యాప్ వేస్తే బోల్ట్ తల పైన ఉంటుంది, అలెన్ కీ పైనుంచే పడుతుంది. దిమ్మకూ పట్టీకీ మధ్య బోల్ట్ చుట్టూ స్ప్రింగు పెడితే వదులు చేయగానే పట్టీ తనంతట కిందికి జారుతుంది. పట్టీ గిరగిరా తిరగకుండా మడమలో 4 మి.మీ. పిన్ను దిగ్గొట్టి, పట్టీలో దానికి వదులు రంధ్రం వేయండి.

బెడ్ అంచు కింది ముఖాన్ని ఒకసారి చేత్తో తడిమి చూడండి. పెయింట్ గడ్డలు, పోత మచ్చలు ఉంటే ఆకురాయితో చదును చేయాలి. కొన్ని లేత్‌లలో ఆ ముఖం కిందే సాడిల్‌ను పట్టి ఉంచే పట్టీలు నడుస్తాయి. అలా ఉంటే అది యంత్రం మీద నున్నగా కోసిన ముఖం, అరగదీయకూడదు. మీ పట్టీ కొనకు ఇత్తడి ముక్క అతికించి వాడండి.

స్పిండిల్, డయల్

112 మి.మీ. స్పిండిల్‌లో ఎడమ చివర 15 మి.మీ. డయల్ కోసం 8 మి.మీ. వ్యాసానికి తిప్పండి. ఆ తర్వాతి 52 మి.మీ. ఎం10×1 మర. మిగిలిన 45 నున్నగా 10 మి.మీ.గానే ఉండాలి. ఈ కొలతలతో మొన 5 నుంచి 25 దాకా బయటికి వస్తుంది, అంటే 20 మి.మీ. సర్దుబాటు. స్పిండిల్‌ను సాడిల్ వైపు నుంచి దూర్చి తిప్పి, అటువైపు డయల్ తొడగాలి. మర కోసే ముందు ఆ భాగాన్ని 9.9కి తిప్పుకోండి, లేకపోతే రీమ్ చేసిన రంధ్రంలోంచి దూరదు. మర కొంచెం వదులుగా ఉన్నా ఫరవాలేదు. దారి చూపేది నున్నటి భాగం. మర కూడా బిగుతుగా ఉంటే రెండూ పోట్లాడి స్పిండిల్ పట్టేస్తుంది. క్యారేజ్ ఎప్పుడూ ఒకే దిశలో తోస్తుంది కాబట్టి మర వదులు కొలతలోకి రాదు.

మొనను పెద్ద వ్యాసార్ధంతో, కొద్దిగా ఉబ్బెత్తుగా తీయండి. చదునుగా వదిలితే ఒకసారి ఒక అంచు, ఇంకోసారి ఇంకో అంచు తగులుతుంది. చిప్స్ కూడా అక్కడే ఇరుక్కుంటాయి. చివరి 15 మి.మీ. మాత్రం పండిన చెర్రీ రంగు ఎరుపు దాకా, అంటే సుమారు 780 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చి నీళ్లలో నిలువుగా ముంచండి. ఆకురాయి జారిపోతే గట్టిపడినట్టు. మెరుగు పెట్టి, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా మళ్లీ మెల్లగా వేడి చేసి ముంచితే పెళుసు తగ్గుతుంది. సాడిల్ పోత ఇనుము ఈ మొనకంటే మెత్తన, ఎక్కువ వాడితే అక్కడ గుంట పడుతుంది. విరిగిన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ బిట్ నుంచి పలుచటి ముక్క తీసి ఎపాక్సీతో సాడిల్‌కు అతికిస్తే ఆ బాధ ఉండదు.

డయల్‌కు 50 గీతలు, ఒక్కోటి 0.02 మి.మీ. 26 వ్యాసానికి చుట్టుకొలత 81.7 కాబట్టి గీతల మధ్య దూరం 1.63 మి.మీ.; కంటికి సులువే. విభజనకు 50 పళ్ల చేంజ్ గేర్ (లేత్‌లో మార్చుకునే పళ్ల చక్రం) చాలు. దాన్ని లేత్ స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) వెనక చివర మాండ్రెల్ (రంధ్రంలో బిగిసే కడ్డీ)తో బిగించి, పళ్ల మధ్య దిగే గట్టి పిన్ను ఒకటి అమర్చండి. మోటార్ ప్లగ్ పూర్తిగా తీసేయండి. 60 డిగ్రీల మొన ఉన్న టూల్‌ను పక్కకు పడుకోబెట్టి, సెంటర్ ఎత్తులో 0.15 మి.మీ. లోతు పెట్టి, క్యారేజ్‌ను చేత్తో జరుపుతూ గీయాలి. మామూలు గీత 4 మి.మీ., ప్రతి ఐదోది 6, ప్రతి పదోది 8. గీసేటప్పుడు పిన్నును ఎప్పుడూ ఒకే వైపు నొక్కి ఉంచండి, లేకపోతే గీతలు ఎడంగానూ దగ్గరగానూ పడతాయి. ఎం4 గ్రబ్ స్క్రూతో డయల్ బిగుస్తుంది. వదులు చేసి సున్నా ఎక్కడికైనా తిప్పుకోవచ్చు. చుట్ల లెక్కకు దిమ్మ పైనుంచి డయల్ వైపు 25 మి.మీ. సన్న పట్టీ చాచి, దాని మీద మిల్లీమీటరు గీతలు పెట్టండి.

పరీక్ష

బెడ్ మీద మ్యాగ్నెట్ బేస్‌తో డయల్ గేజ్ నిలిపి, ప్లంజర్‌ను సాడిల్‌కు తాకించండి. క్యారేజ్‌ను వెనక్కి తీసి, మెల్లగా స్టాప్‌కు ఆనించడం పదిసార్లు చేయండి. పది రీడింగులూ 0.02 లోపు ఉంటే పని బాగా వచ్చినట్టు. రీడింగ్ ప్రతిసారీ ఒకే దిశలో పెరుగుతూ పోతే దిమ్మ జారుతోంది: బెడ్ మీద నూనె తుడిచి, మడమ ఎత్తు మళ్లీ చూడండి. అటూ ఇటూ ఊగితే మొన దగ్గర చిప్, వైపర్ రేకు, లేదా తోసే బలంలో తేడా. లాక్ బిగించినప్పుడు మాత్రమే మారితే ఇత్తడి ముక్క దిశ తప్పింది. తర్వాత డయల్ ఒక చుట్టు తిప్పి చూడండి, గేజ్ సరిగ్గా 1.00 చూపాలి.

వాడకం

టూల్ జాబ్ ముఖాన్ని తాకినప్పుడు స్టాప్ మొనకూ సాడిల్‌కూ మధ్య 25 మి.మీ. స్లిప్ గేజ్ (కచ్చితమైన కొలత ఉన్న దిమ్మ) ఇరికించి స్టాప్ బిగించండి. గేజ్ తీసేస్తే క్యారేజ్ సరిగ్గా 25 నడిచి ఆగుతుంది. మూడు షోల్డర్లు ఉంటే, 40, 25, 10 అనుకుందాం, 40తో బిగించి, తర్వాత 15, 30 మి.మీ. ముక్కలు మధ్యలో పెడుతూ మిగతా రెండూ తీయవచ్చు. ఆ ముక్కలు లేత్ మీదే ఫేసింగ్ చేసుకున్నవైనా చాలు, మైక్రోమీటర్‌తో కొలిచి పొడవును వాటి మీదే రాసిపెట్టుకుంటే సరి.

కాంపౌండ్ స్లైడ్‌ను (క్యారేజ్ మీద టూల్‌ను విడిగా జరిపే భాగం) బిగించే ఉంచండి, అది కదిలితే లెక్కంతా కదిలినట్టే. స్టాప్ బెడ్‌కు కట్టుబడి ఉంటుంది కానీ జాబ్‌కు కాదు. కాబట్టి ప్రతి ముక్కా చక్‌లో ఒకే లోతుకు కూర్చోవాలి. దవడ మెట్టుకు ఆనించండి, లేదా లేత్ స్పిండిల్ రంధ్రంలో ఒక ఆపు పెట్టండి. వేడెక్కిన జాబ్‌ను కొలిచి మోసపోకండి: 100 మి.మీ. ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.023 మి.మీ. పెరుగుతుంది, అంటే మీ డయల్ మీద ఒక గీతకు పైనే.

ఆటోమేటిక్ ఫీడ్‌ను స్టాప్ మీదికి నడపకండి. 3 నుంచి 5 మి.మీ. ముందే ఫీడ్ తీసేసి మిగిలింది చేత్తో ఆనించాలి. ఫీడ్ క్లచ్ దానంతటదే జారేలా కట్టిన లేత్‌లు ఉన్నాయి. మీది అలాంటిదని తయారీదారు పుస్తకంలో స్పష్టంగా ఉంటేనే అది వేరు. హాఫ్‌నట్ (క్యారేజ్‌ను లీడ్‌స్క్రూ అనే పొడవాటి మరకు కలిపే చీలిన నట్) వేసి మర కోస్తున్నప్పుడు స్టాప్‌ను అసలు నమ్మకండి. లీడ్‌స్క్రూ ఆగదు, దిమ్మ జారాలి లేదా హాఫ్‌నట్ పళ్లు పోవాలి. మర కోసే పనికి స్టాప్‌ను దవడలకు తగలనంత మేర ఎడమకు దూరంగా జరిపి, షోల్డర్ దగ్గర టూల్ బయటపడే గాడి తీసుకోండి. డయల్ చక్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోవాలంటే ముందు లేత్ స్పిండిల్ పూర్తిగా ఆగాలి.